ఉలవచారులో ఉప్పు

మద్రాసు కొత్వాల్ చావిడి బెల్లం మండీల్లో నన్ను నాలిక నాగలింగం అంటారు. అది తిట్టు కాదు, పొగడ్తే. ముప్ఫై మూడేళ్ళుగా జనార్దనం చెట్టిగారి మండీలో దిగిన ప్రతి బుట్టలోంచీ ఒక ముక్క తుంచి నాలిక మీద వేసుకుని, అది ఏ వైపు చెరుకో, పాకం ఎక్కడ మాడిందో, వానాకాలం దాకా నిలుస్తుందో లేదో చెప్పడం నా పని. నేను మొదటి రకం అన్నాక కేరళ నుంచి వచ్చిన వ్యాపారి కూడా మారుమాట్లాడడు. నాగలింగం నాలిక అబద్ధం చెప్పదని వాళ్ళ నమ్మకం. ఆ నాలిక ఇంటికి వచ్చి ఏం చేసిందో చెప్తాను.

మా ఆవిడ పేరు అలివేలుమంగ. నేను మంగ అంటాను. పోయిన ఏడాది ఆమె కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. అప్పట్నుంచి సోమవారం, గురువారం ఆస్పత్రికి వెళ్ళి, మిషను పక్కన నాలుగు గంటలు పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది. మా అమ్మాయి ఇంద్రజ తన కిడ్నీ ఇస్తానంది కానీ గ్రూపు కలవలేదు. నాది కలిసింది. ఆ మాట చెప్పిన రోజు మేం ముగ్గురం ఆస్పత్రి క్యాంటీన్‌లో కూర్చుని, పెళ్ళి సంబంధం కుదిరినట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఆ నవ్వు వారం రోజులు ఉంది. తర్వాత పెద్ద డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు. నా బరువు తొంభై నాలుగు కిలోలు. ఈ ఒంటితో నన్ను కోయనని, ఎనభైకి దిగి రమ్మని, అది కూడా సెప్టెంబరు ఆఖరులోగా జరగాలని చెప్పాడు. ప్రస్తుతానికి మంగ గుండె గట్టిగా ఉంది, ఎక్కువ ఆలస్యం చేస్తే ఆమె ఆపరేషన్ తట్టుకోలేకపోవచ్చు అన్నాడు. అది ఏప్రిల్ మొదటి వారం. నేను దింపాల్సింది పద్నాలుగు కిలోలు. మా మండీలో పద్నాలుగు కిలోలంటే ఒక చిన్న బుట్ట. మా హమాలీ ఏళుమలై దాన్ని ఒంటిచేత్తో ఎత్తి లారీలోకి అందిస్తాడు. అదే పద్నాలుగు కిలోలు నా నడుం చుట్టూ ఉంటే ఎవరూ ఎత్తి అవతల పెట్టలేరు.

ఆస్పత్రిలోనే తిండి సంగతులు చెప్పే రంజని అనే అమ్మాయి నాకొక అచ్చు కాగితం ఇచ్చింది. పొద్దున రాగి అంబలి, పల్చటి మజ్జిగతో. మధ్యాహ్నం ఒక చిన్న కప్పు కొర్రన్నం, దానికి రెండింతలు బీరకాయో సొరకాయో పొట్లకాయో, ఉలవచారు. సాయంత్రం పెసల గుగ్గిళ్ళు. రాత్రి ఏడు లోపల నూనె చుక్క లేని పెసరట్టు ఒకటి, మునగాకు కూర. చదివి నాకు ఒళ్ళు మండింది. ఇవన్నీ మా అవ్వ తిన్నవే. మధ్యలో మా తరం తెల్లన్నం మీద, నెయ్యి మీద పడి వీటిని మరిచిపోయింది, ఇప్పుడు రంగు కాగితం మీద అచ్చేసి ఇస్తే గానీ గుర్తు రావడం లేదు. ఆ మాటే పైకి అంటే రంజని నవ్వి, "అయితే మీ అవ్వ బరువెంత?" అని అడిగింది. మా అవ్వ గాలి వీస్తే పడిపోయేట్టు ఉండేది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మంగకు వేరే కాగితం ఉంది. రెండింటినీ ఇంద్రజ ఫ్రిజ్ తలుపు మీద పక్కపక్కన అంటించింది. వాటిని చూస్తే ఎవరో పంతానికి రాసినట్టుంటాయి. నన్ను తినమన్న రాగులు, ఉలవలు, మునగాకు ఆమెకు వద్దు. నన్ను ముట్టుకోవద్దన్న తెల్లన్నం ఆమెకు పెట్టాలి. కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి పిప్పి తినాలి. ఉప్పు లేదు. బెల్లం లేదు. కొబ్బరినీళ్ళు లేవు. తాగే నీళ్ళు కూడా రోజుకు ఏడు వందల మిల్లీలీటర్లే. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెట్టుకుంటుంది. మద్రాసు మే నెల ఎండలో ఆ సీసా వైపు ఆమె చూసే చూపు నేను చూడలేక హాల్లోకి వచ్చి కూర్చునేవాణ్ణి.

అయినా నా వంట తనే చేస్తానంది. వంటమనిషిని పెడదామంటే ఒప్పుకోలేదు.

"మీరు నాకు ఒంట్లోది కోసి ఇస్తా ఉండారు. నేను ఉలవలు ఉడకబెట్టలేనా?" అంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మంగ ఏనాడూ వండుతూ రుచి చూడలేదు. ఏది వండినా ముందు అమ్మవారి పటం దగ్గర పెట్టాలి, అంతకు ముందు నాలిక తగిలితే ఎంగిలి. వాసనతో, గరిటె మీంచి జారే తీరుతో, వేళ్ళ కొలతతో వంట చేసేది. తర్వాత నాకు వడ్డించేది. నేను తిని లేచాక నా కంచంలోనే తను అన్నం పెట్టుకునేది. ఇదేం పాత పద్ధతి అని ఇంద్రజ చాలాసార్లు దెబ్బలాడింది. "ఉండనీయే. నేను చేసిందాని రుచి నాకు తెలిసేది ఆడ్నే" అనేది మంగ. ఆ కంచం దగ్గరే, ఈరోజు ఉప్పు ఒక పలుకు ఎక్కువైంది, చింతపండు తగ్గింది అని తనకు తనే చెప్పుకునేది. మర్నాటికి వేళ్ళు సర్దుకునేవి.

జబ్బు వచ్చాక కంచాలు వేరయ్యాయి. నేను తిన్నాక ఆమె తన చిన్న గిన్నె తెచ్చుకుని, వంటింటి గట్టు దగ్గర స్టూలు మీద కూర్చుని, అటువైపు తిరిగి తినేది. ఒకరోజు పక్కకెళ్ళి కూర్చున్నాను. ఎలా ఉందని అడిగాను, అడగకూడని మాట.

"చప్పిడి కూడు ఎట్లుంటాదండీ? అది తినేదేం కష్టం కాదు. ఇంట్లో నేనొక్కదాన్నే తినల్ల చూడండి, అదే గొంతు దిగదు" అంది.

నా చొక్కాకు ఎప్పుడూ బెల్లం వాసన ఉంటుంది. సాయంత్రం నేను ఇంట్లోకి రాగానే ఆమె ఆ వాసన కోసం దగ్గరికి వచ్చేది. "ఆడ్నే నిలబడండి, రవంత సేపు" అని నా భుజం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా గాలి పీల్చేది. ఈరోజు దిగింది కొత్త బెల్లమా అని అడిగేది. అవునంటే ఎలా ఉందో చెప్పమనేది. వ్యాపారులకు చెప్పినట్టు చెప్పేవాణ్ణి. మొదట నాలిక చివర తీపి, తర్వాత చెరుకు రసం పచ్చి వాసన, మింగాక గొంతులో చిన్న వేడి అని. ఆమె కళ్ళు మూసుకుని వినేది. పెళ్ళయిన కొత్తలో కూడా నా మాటలు ఆమె అంత శ్రద్ధగా వినలేదు. ఆమె నోటికి బెల్లం ముక్క అందించి మళ్ళీ ఆ కళ్ళల్లో వెలుగు చూడాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది.

మామిడికాయల కాలంలో ఒకరోజు ఉలవచారు నోట్లో పెట్టుకోగానే ఉప్పు తక్కువైనట్టు తెలిసింది. అలవాటుగా చెప్పేశాను. మంగ మొహం పాలిపోయింది. గబగబా ఉప్పు డబ్బా తెచ్చి, చేతిలోకి తీసుకుని, ఎంత వేయాలో తెలియక ఆ చేతిని అలాగే చారు మీద పెట్టి నిలబడింది.

"నీళ్ళు పాయె, తిండి పాయె. వంట గూడా పాయనా నా చేతిలోంచి?" అని అక్కడే ఏడ్చింది.

ముప్ఫై ఏళ్ళ సంసారంలో ఆమె వంట గురించి ఏడవడం నేను చూడలేదు. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆమె వేళ్ళను రోజూ సర్దింది నా కంచమే. ఇప్పుడు ఆమె తినేది ఉప్పు లేని తిండి. ఆ చేతికి కొలత చెప్పేవాళ్ళు లేరు. పైగా ఉప్పంటే విషమని ఆస్పత్రిలో వారానికి రెండుసార్లు వినీ వినీ వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. మర్నాడు ఆమె గరిటె పట్టుకుని నిలబడి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. చారులో ఉప్పు నిన్నటికన్నా తక్కువగా ఉంది.

"భేషుగ్గా సరిపోయింది" అన్నాను.

ఆమె మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. జూన్ గడిచేసరికి ఆమె వేసే ఉప్పు వేసినట్టే లేదు. ఇంద్రజ రెండు పూటలా పనిచేసే చోటే తినేది, తనకూ తెలియలేదు. నేను కొర్రన్నం, చప్పిడి ఉలవచారు, చప్పిడి బీరకాయ తింటూ, ఆహా అంటూ వచ్చాను. మండీలో ఒక్క పలుకు ఉప్పు కలిసిన బెల్లాన్ని లారీ దిగకముందే తిప్పి పంపేవాణ్ణి, ఇంట్లో ఉప్పు లేని చారుకు రోజూ మొదటి రకం అని ముద్ర వేశాను.

ఇంత చేసినా బరువు మాత్రం మాట వినలేదు. ప్రతి శుక్రవారం మండీ కాటా మీద నిలబడేవాణ్ణి. ఏళుమలై బుట్టల బరువు అరిచినట్టే నా బరువూ వీధంతా వినపడేట్టు అరిచేవాడు. మే ఆఖరుకు ఎనభై తొమ్మిది అని అరిచాడు. నాకు రెక్కలు వచ్చినట్టయింది. జూన్ మొదటి శుక్రవారం ఎనభై తొమ్మిది. రెండో శుక్రవారం ఎనభై తొమ్మిది. మూడో శుక్రవారం ఎనభై తొమ్మిదిన్నర. వాడు కాటాను ఒక తన్ను తన్ని మళ్ళీ చూశాడు. అదే అంకె.

పురసవాక్కంలో మా ఇంటి దగ్గర పార్కులో పొద్దున్నే ముప్పావు గంట నడిచేవాణ్ణి. బరువు తగ్గాలనుకునేవాడు కనపడితే చాలు, ఊరంతా వైద్యులే. ఒకాయన జీలకర్ర నీళ్ళంటాడు. ఇంకొకాయన గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం అంటాడు. పచ్చ బనీను వేసుకున్న ఒక కుర్రాడు అన్నం అనే మాటే మరిచిపొమ్మని తమిళంలో గంట ఉపన్యాసం ఇచ్చాడు. వాళ్ళకు పాత ప్యాంటు మళ్ళీ పట్టాలి, పెళ్ళి ఫొటోలో బాగా కనపడాలి. నాకు ఏం కావాలో చెప్తే వాళ్ళ మొహాలు మారిపోతాయని నేను చెప్పలేదు. చుట్లు లెక్కపెట్టుకుంటూ నడిచేవాణ్ణి. సెప్టెంబరు ఇంకా ఎంత దూరం ఉందో కూడా లెక్కపెట్టేవాణ్ణి.

రంజని ఒక నోటుబుక్కు ఇచ్చి, నోట్లోకి పోయిన ప్రతిదీ రాయమంది. నేను నిజాయితీగా రాశాను. అంబలి ఎన్ని గ్లాసులో, గుగ్గిళ్ళు ఎన్ని గుప్పిళ్ళో అన్నీ రాశాను. ఆమె చూసి, ఇలా తింటే తగ్గకుండా ఉండదే అని పెన్ను కొరికింది. మంగ ఇంకో రకంగా అర్థం చేసుకుంది. తప్పు తన చేతిదే అనుకుంది. కొర్రన్నం కప్పు ముప్పావు చేసింది, తర్వాత అర చేసింది. పోపులో వేసే అర చెంచా నూనె కూడా మానేసింది. నేను కడుపు నిండక లేస్తుంటే నా వైపు చూడకుండా కంచం తీసేది. ఇంద్రజ ఒక రాత్రి నన్ను బాల్కనీలోకి పిలిచి, "నైనా, అమ్మ వంటింట్లో ఏడస్తా ఉండాది తెలుసా? తన వల్లే నీ వెయిట్ తగ్గల్యా అని. నిజం చెప్పు, బయట ఏమన్నా తింటా ఉండావా?" అని అడిగింది.

"మీ అమ్మ మీద ఒట్టు. బయట మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలే" అన్నాను.

ఆ ఒట్టు నేను నమ్మే వేశాను.

జులై నెలలో ఒక గురువారం ఆస్పత్రిలో మిషను ఏదో మొరాయించి, మంగను ఆ పూటకు వద్దని, మర్నాడు రమ్మన్నారు. ఇంద్రజ కోడంబాక్కంలో డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తుంది. తల్లిని ఆటోలో మండీ దాకా తెచ్చి, నన్ను తీసుకుని ఇంటికి పొమ్మని చెప్పి, తను పనికి వెళ్ళిపోయింది. పొద్దున పది గంటలు. సరుకు దిగే వేళ. ముప్ఫై ఏళ్ళలో మంగ ఆ వేళప్పుడు మండీకి ఎప్పుడూ రాలేదు. మా ఆడవాళ్ళు సాయంత్రం దీపం పెట్టాక వచ్చినా గడప దగ్గరే ఆగుతారు. ఆ రోజు కూడా ఆమె గడప పక్కన, ఖాళీ బుట్టల చాటున నిలబడింది. నేను చూడలేదు. లారీ నిండా సరుకు వచ్చింది. బుట్ట మూత తీయడం, మూల విరవడం, నోట్లో వేసుకోవడం, రకం చెప్పడం, ఏళుమలై సుద్దతో గుర్తు వేయడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. లారీ ఖాళీ అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ తిరిగితే మంగ కనపడింది. ఏమైందని అడిగాను. ఏం లేదు, ఇంటికి పోదాం అంది.

ఆటో వాల్టాక్స్ రోడ్డు దాటాక మంగ అంది.

"ఇరవై ఆరు."

"ఏంది ఇరవై ఆరు?"

"నేను ఆడ నిలబడినంతసేపట్లో మీరు మింగిన ముక్కలు."

నాకు నవ్వొచ్చింది. "అయ్యో, అది తినేది కాదు మంగా. రుచి చూసేది."

"కడుపులోకి పోయినాక దానికేం తెలుస్తాదండీ, తిన్నారా రుచి చూసినారా అని?"

అబద్ధం చెప్పడం లేదు, అదీ తిండేనని నిజంగా నాకు తట్టలేదు. మా మండీల్లో పుట్టి పెరిగినవాళ్ళెవరికీ తట్టదు. ఉపవాసం రోజు కూడా సరుకు రుచి చూస్తాం, అది ఉపవాసానికి అడ్డని ఎవరూ అనుకోరు. ఏకాదశినాడు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని చెప్పే జనార్దనం చెట్టిగారు కూడా కొత్త సరుకు వస్తే ముక్క నోట్లో వేసుకుంటాడు. అది పని. చెయ్యి చేసే పని లాగే నాలిక చేసే పని. రంజని బుక్కులో ఆ ముక్కలు రాయాలని నాకు ఒక్కరోజు కూడా తోచలేదు.

"రోజూ ఇంతేనా?" అంది మంగ.

"సీజన్‌లో ఇంకా ఎక్కువే."

ఆమె చేతి సంచీలోంచి సీసా తీసింది. అందులో అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు ఉన్నాయి. మూత తీయలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

"నేను నీళ్ళు కొలుచుకోని తాగతా ఉండాను. మీ కొర్రన్నం కొలిచి కొలిచి తగ్గిస్తా వచ్చినాను. మీరు ఆకలితో లేస్తా ఉంటే నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. మీరు చూస్తే ఆడ బెల్లం మింగతా ఉండారు."

"మంగా, నాకు తెలీదే."

"తెలీదని నాకు తెలుసు. తెలిసి చేసుంటే ఈ ఆటోలో మీ పక్కన కూర్చునేదాన్నే కాదు" అని మొహం అటు తిప్పుకుంది.

ఆ ఆటోలో నాకు నా మీద వచ్చినంత అసహ్యం జన్మలో రాలేదు. ఆమె ప్రాణం కోసమని నాకు నేనే చెప్పుకుని, ఆ ప్రాణాన్ని రోజుకు ఇరవై ఆరు ముక్కలుగా మింగుతూ కూర్చున్నాను.

మర్నాడు మండీకి ఒక డబ్బా పట్టుకుపోయాను. రుచి చూసి అందులో ఉమ్మేద్దామని. మొదటి ముక్క ఉమ్మగానే ఎదురుగా ఉన్న వ్యాపారి ముఖం ముడుచుకున్నాడు. జనార్దనం చెట్టిగారు గల్లా మీంచి లేచి వచ్చాడు.

"ఏంది నాగలింగం, లక్ష్మిని ఉమ్ముతా ఉండావా? ఈడ చేసే పనా ఇది?"

నేను జరిగింది చెప్పాను. మంగ జబ్బు ఆయనకు తెలుసు, నేను బరువు ఎందుకు దింపుతున్నానో తెలియదు. విని మీసం దువ్వుకున్నాడు.

"సరే. నీ నాలిక మండీదే, యాడికీ పోదు. సెప్టెంబర్ దాకా మూసిపెట్టు. నేను చూస్తాను సరుకు" అన్నాడు.

అప్పట్నుంచి ఆయన రుచి చూశాడు, నేను పక్కన నిలబడి విరుపు, రంగు, వాసన చూసి చెప్పాను. సగం సార్లు మా ఇద్దరికీ కుదిరేది కాదు. వ్యాపారులు నా నోటి వైపు చూసి, ఖాళీగా ఉందని చూసి, బేరం ఆపేసేవారు. ఆ చూపులు నన్ను తినేశాయి. బుట్ట మూత తీయగానే లేచే వాసనకు నోట్లో నీళ్ళూరేవి. ఇన్నేళ్ళలో ఆ తీపి మీద నాకు ఇంత ఆశ ఉందని తెలియనే తెలియదు, అడక్కుండానే నోట్లో పడేది కాబట్టి. ఒకరోజు మూల విరిగి నా అరచేతిలో పడిన ముక్కను చాలాసేపు చూసి, తిరిగి బుట్టలో పెట్టాను. మంగ ఏడాదిగా ఇలాంటి రోజుల్లోనే ఉందని అప్పుడు తెలిసింది. ఆమె సీసా వైపు చూసే చూపు, నేను ముక్క వైపు చూసిన చూపు ఒకటే.

సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడితే ఆమె దగ్గరకొచ్చి చొక్కా వాసన పీల్చేది. "కొత్త సరుకా?" అనేది. "అవును, ఎట్లుందో తెలీదు" అనేవాణ్ణి. ఇద్దరం కాసేపు అలాగే నిలబడేవాళ్ళం.

ఆగస్టులో ఏళుమలై ఎనభై ఆరు అరిచాడు. తర్వాత ఎనభై నాలుగు. కొర్రన్నం మళ్ళీ ఒక కప్పయింది. మంగ మొహం తేటపడింది. "ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం రోజూ అడిగేది. సరిపోయిందని చెప్పేవాణ్ణి. సెప్టెంబరు ఇరవై ఆరో తేదీ శుక్రవారం ఏళుమలై నన్ను కాటా మీద నిలబెట్టి, ముల్లు ఆగేదాకా ఆగి, ఏమీ అరవకుండా నా రెండు చేతులూ పట్టుకుని దింపాడు. డెబ్భై తొమ్మిది మీద ఆరు వందల గ్రాములు.

మర్నాడు ఆస్పత్రి మిషను కూడా అదే చెప్పింది. డాక్టరు మళ్ళీ పొట్ట నొక్కాడు. ఈసారి తల నిలువుగా ఊపి, వచ్చే నెల పద్నాలుగో తేదీ అని రాశాడు. మంగ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచింది. దారిలో మూడుసార్లు సంచీ తెరిచి అది ఉందో లేదో చూసుకుంది. ఆపరేషన్ ఎలా జరుగుతుందో, నాది ఆమె ఒంట్లో ఇముడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుకు మాత్రం తేదీ మా చేతిలో ఉంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. పొద్దున్నే వండి, అమ్మవారికి చూపించి పెట్టిన ఉలవచారు వేడి చేసి, కొర్రన్నం, బీరకాయ కూర వడ్డించింది. గరిటె పట్టుకుని నిలబడింది.

"ఉప్పు సరిపోయిందా?"

"భేషుగ్గా సరిపోయింది."

తిన్నాను. రెండు ముద్దల అన్నం కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కుని వచ్చాను. మంగ కంచం తీయలేదు. నా పీట మీద కూర్చుని ఉంది. కంచం ముందుకు లాక్కుంది.

"ఒక్క ముద్ద. రంజనమ్మను అడిగినాను, ఒక ముద్దకు ఏం కాదనింది" అంది.

"వద్దు మంగా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"ఏడాదైందండీ, మీ కంచంలో తిని."

ఆమె మిగిలిన అన్నంలో గరిటెడు చారు పోసుకుని, వేళ్ళతో మెత్తగా కలిపింది. ఆ కలపడంలోనే ఎంతో సేపు గడిపింది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దవడ నెమ్మదిగా కదిలింది. తర్వాత ఆగిపోయింది. కళ్ళు తెరిచి కంచం వైపు చూసింది, నా వైపు చూసింది.

"దీన్లో ఉప్పు లేదే."

నేను తడి చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాను.

"ఈరోజు మరిచిపోయినానా?"

అవును అంటే ఆ మాటతో అయిపోయేది. ఇన్ని రోజులుగా ఎన్నో అన్నాను, ఇంకొకటి అనలేనా? నాలిక కదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"మామిడికాయలప్పట్నుంచి. మొదట రవంత ఉండేది. తర్వాత తర్వాత లేదు."

"మీరు రోజూ ఇదే తిన్నారా? ఉప్పు లేకుండా?"

"నువ్వు ఏడస్తావని చెప్పలేదు మంగా."

ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. ఉప్పు డబ్బా ఎక్కడుందో చూసుకున్నాను, ఏం చేయడానికో తెలియదు. ఆమె ఏడవలేదు. గట్టు మీద మూత పెట్టి ఉన్న తన చిన్న గిన్నె వైపు చూసింది. మళ్ళీ నా కంచం చూసింది. వేళ్ళతో ఏదో లెక్క పెట్టుకుంది, మే, జూన్, జులై అని.

"అయితే చప్పిడి కూడు నేనొక్కదాన్నే తినలేదు ఇన్నాళ్ళూ" అంది.

నేను గోడకు చేరగిలబడ్డాను.

"ఇప్పుడన్నా నిజం చెప్పండి. ఎట్లుండాది నా చారు?"

"చప్పగా ఉండాది మంగా. నోట్లో పెట్టుకోలేం."

ఆమె నవ్వింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. లేచి వెళ్ళి గట్టు మీద ఉన్న గిన్నె తెచ్చి, తన అన్నమంతా నా కంచంలో బోర్లించుకుంది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"నేను తినేదాకా లేవద్దండి" అంది.